యంత్రం కాదన్నప్పుడు మనిషి ఏమనాలి?



"నువ్వెవరు?" అన్న ప్రశ్న కొత్తది కాదు. వెనుకటికి ఊరి కరణం అడిగేవాడు, కచేరీ గుమ్మం దగ్గర బంట్రోతు అడిగేవాడు, బ్యాంకులో గుమాస్తా అడిగేవాడు. అడిగేవాడు మనిషి గనుక జవాబు చెప్పేవాడి ముఖం చూసేవాడు, పక్కవాడిని సాక్ష్యం అడిగేవాడు, ఒక్కోసారి కసిరేవాడు, ఒక్కోసారి కరిగేవాడు. ఈనాడు ఆ ప్రశ్నను యంత్రం అడుగుతున్నది. రేషను దుకాణంలో, పింఛను ఇచ్చేచోట, బ్యాంకులో, చేతిలోని ఫోనులో కూడా అదే ప్రశ్న. వేలు పెట్టమంటుంది, అంకెలు నొక్కమంటుంది, పుట్టిన తేదీ చెప్పమంటుంది. జవాబు సరిపోలకపోతే మరొకసారి అడుగుతుంది. కొన్నిసార్లయ్యాక ఇక అడగదు. తలుపు మూసుకుంటుంది.

ఆ మూసుకున్న తలుపును తిరిగి తెరిచే ఏర్పాటు ఎక్కడో ఒకచోట ఉంటుంది. సహాయ కేంద్రంలో ఒక ఉద్యోగి ముందు ఒక తెర, ఆ తెరమీద ఒక మీట. అది నొక్కితే లెక్క మళ్ళీ సున్నాకు వస్తుంది, మనిషికి ఇంకొక అవకాశం దొరుకుతుంది. దీన్నే రీసెట్ అంటున్నారు. ఆ తెరను తయారుచేసేవారిలో మన విచారణల నుంచి చదువుకొని హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్ళిన పిల్లలు కూడా ఉంటారు. సచివాలయంలో కూర్చొని దరఖాస్తు తీసుకునేవారిలో మన చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఉంటారు. తలుపు బయట నిలబడేవారిలో మన అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటారు. కనుక ఇది ఇంజనీర్ల గొడవ అని పక్కన పెట్టలేము. ఆ మీట ఎవరి చేతిలో ఉండాలి? ఎప్పుడు నొక్కాలి? నొక్కడం దయా, లేక న్యాయమా? ఈ వారం దీన్ని కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

మేలు కోరి కట్టిన గోడ

ముందుగా గోడ కట్టినవాడికి న్యాయం చేయాలి. పరిమితి పెట్టడం పేదవాడిని ఏడిపించడానికి కాదు. నాలుగంకెల రహస్య సంఖ్యకు మొత్తం 10,000 రకాలు సాధ్యం. ఎన్నిసార్లయినా నొక్కవచ్చునంటే, ఒక దొంగ తీరికగా కూర్చొని ఒక్కరోజులో అన్నీ ప్రయత్నించగలడు. మూడుసార్లకే ఆపితే వాడికి దొరికే అదృష్టం 10,000లో 3 మాత్రమే. మీ ఫోనులోని సిమ్ కార్డు చేసేది ఇదే. మూడుసార్లు తప్పు నొక్కితే అది తాళం వేసుకుంటుంది. అయితే దాన్ని తయారుచేసినవారు అక్కడితో ఆగలేదు. పీయూకే అనే ఎనిమిదంకెల రెండో తాళంచెవిని కంపెనీ దగ్గర ఉంచారు. మీరెవరో చెప్పుకొని అది తెచ్చుకుంటే సిమ్ తిరిగి తెరుచుకుంటుంది. ఆ చెవిని కూడా పదిసార్లు తప్పుగా వాడితే ఆ సిమ్ ఇక పనికిరాదు, కొత్తది తీసుకోవలసిందే. ఇంత చిన్న ముక్కలో కూడా మూడు మెట్ల ఆలోచన ఉంది: దొంగను ఆపాలి, యజమానిని రక్షించాలి, చివరికి దారి పూర్తిగా మూసుకుపోకూడదు.

ఆధార్‌లోనూ పరిమితులున్నాయి. పేరును జీవితకాలంలో రెండుసార్లు మార్చుకోవచ్చు. పుట్టిన తేదీని ఒక్కసారి, లింగ వివరాన్ని ఒక్కసారి. దానికీ కారణం ఉంది. పుట్టిన తేదీని ఇష్టం వచ్చినప్పుడు మార్చుకోగలిగితే పదిహేనేళ్ళ ఆడపిల్లను పద్దెనిమిదేళ్ళదని చూపి పెళ్ళి చేయవచ్చు. ఉద్యోగానికి ఒక వయసు, పింఛనుకు ఒక వయసు చూపవచ్చు. ఆ గోడ వెనుక ఒక ఆడపిల్ల బాల్యం ఉన్నదని మరచిపోరాదు. గోడలన్నీ పడగొట్టండని కేకలు వేయడం తేలిక. గోడ పడిపోయాక మొదట నష్టపోయేది తరచుగా బలహీనులే.

పల్నాటి చేతులు

అయినా గోడకు రెండోవైపు ఎవరున్నారో కూడా చూడాలి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర పని చేసిన చేతులు మీకు తెలుసు. దాచేపల్లి, మాచర్ల ప్రాంతాల్లో నాపరాళ్ళు మోసిన చేతులు తెలుసు. ఎండల్లో మిరపకాయలు కోసి, పత్తి తీసి, బొబ్బలు కట్టిన వేళ్ళు మన ప్రతి ఇంట్లో ఉన్నాయి. సున్నం చర్మాన్ని తింటుంది, రాయి గీతలను అరగదీస్తుంది. వయసు మళ్ళిన కొద్దీ వేలి చర్మం పొడిబారి గీతలు మసకబారుతాయి. వేలిముద్ర యంత్రానికి కావలసినవి ఆ గీతలే. అంటే జీవితమంతా కష్టపడినందుకే యంత్రం ఒక మనిషిని గుర్తుపట్టలేకపోతున్నది. ఏ పనీ చేయని సుకుమారమైన వేలిని అది వెంటనే గుర్తుపడుతుంది. కావాలని ఎవరూ చేసింది కాకపోయినా ఇది తలకిందులైన సంగతి.

ఇక పేర్ల విషయం. మన కుటుంబాల్లో ఇది ఇంకా చిక్కు. జ్ఞానస్నానపు పుస్తకంలో రాయప్ప, బడి రిజిస్టరులో పీటరు. ఇంట్లో శౌరయ్య, ఉద్యోగంలో జేవియరు. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఇంకొక కాగితంలో వెనుక, మూడోదానిలో ఒక్క అక్షరంగా కుదించి. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక అక్షరం ఎక్కువో తక్కువో. ఇవన్నీ ఒకే మనిషి పేర్లు. ఊరంతటికీ ఆ సంగతి తెలుసు, యంత్రానికి తెలియదు.

పెద్దల పుట్టిన తేదీలు మరీ కష్టం. తుపాను వచ్చిన ఏడు పుట్టాడనో, సాగరు కాలువ తవ్వేటప్పుడు నడిచే పిల్లవాడనో గుర్తుపెట్టుకున్నవారు చాలామంది. నమోదు రోజున చెప్పిన ఉజ్జాయింపు వయసే తేదీగా నిలిచిపోయింది. దాన్ని సరిచేసుకోవడానికి ఉన్న ఒక్క అవకాశాన్ని తొందరలో తప్పుగా నింపితే ఆ లెక్క ఎవరి ఖాతాలో పడుతుంది? నింపినవాడి ఖాతాలో పడదు, ముసలివాడి ఖాతాలోనే పడుతుంది.

ఇక్కడే నీతి ప్రశ్న మొదలవుతుంది. రహస్య సంఖ్య ఊహించే దొంగకోసం పుట్టిన పరిమితిని, అరిగిన వేలికి కూడా అలాగే వర్తింపజేయవచ్చునా? అంకెలు తప్పడం ఒక సంగతి. శరీరం సరిపోకపోవడం మరొక సంగతి. నెట్‌వర్కు అందక యంత్రమే జవాబు చెప్పకపోవడం మూడో సంగతి. మూడింటినీ ఒకే పద్దులో 'విఫలం' అని రాస్తే, యంత్రం చేసిన తప్పుకు మనిషి శిక్ష అనుభవిస్తాడు.

రెండు పాత కథలు

మనిషిని గుర్తుపట్టే పరీక్ష రెండు విధాల తప్పుతుంది. ఆ రెండూ పాత నిబంధనలోనే కనబడతాయి.

న్యాయాధిపతుల గ్రంథం పన్నెండో అధ్యాయంలో గిలాదువారు యోర్దాను రేవుల దగ్గర కాపలా కాశారు. పారిపోయి వచ్చే ఎఫ్రాయీమువారిని పట్టుకోవడానికి ఒక్క మాట పలకమన్నారు. 'షిబ్బోలెతు' అనవలసినచోట ఎఫ్రాయీమువాడి నోట 'సిబ్బోలెతు' అని వచ్చేది. అంతే, అక్కడే చంపేసేవారు. ఆ కాలంలో 42,000 మంది కూలిపోయారని గ్రంథం చెబుతుంది. ఒక్క అక్షరం, ఒకే అవకాశం, పైన విచారించేవాడు లేడు. శకారం పలకలేని గిలాదువాడు ఒక్కడైనా ఆ రేవులో చిక్కుకొని ఉంటే? వాడు మళ్ళీ చెప్పుకోవడానికి తావు ఉన్నదా?

ఆదికాండం ఇరవైయేడో అధ్యాయంలో దీనికి ఎదురు కథ ఉంది. చూపు మందగించిన ఈసాకు తన ముందున్నది ఏ కొడుకో తెలుసుకోవాలనుకున్నాడు. యాకోబు చేతులకు మేకపిల్లల తోలు చుట్టుకొని వచ్చాడు. గొంతు యాకోబుదిలా ఉందని ముసలివాడికి అనుమానం కలిగింది. అయినా తడిమి చూసి, చేతులు ఏశావువే అని నమ్మి దీవెన ఇచ్చేశాడు. పరీక్ష జరిగింది, పరీక్షలో మోసమూ నెగ్గింది. ఇది ఏనాటిదో అనుకోకండి. భూముల రిజిస్ట్రేషను కాగితాల మీద ఉన్న వేలిముద్రలనుంచి నకిలీ ముద్రలు తయారుచేసి సిమ్ కార్డులు తీసిన వ్యవహారాన్ని 2018లో తెలంగాణ పోలీసులు బయటపెట్టారు. మేకతోలు పోయి రబ్బరు వచ్చింది, అంతే తేడా.

మొదటి కథలో నిజమైనవాడు బయట ఉండిపోయే ప్రమాదం, రెండో కథలో నిజంకానివాడు లోపలికి వచ్చిన ప్రమాదం. పరిమితి ఒకదాన్ని తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. కనుక రీసెట్ మీట తయారుచేసేవాడు ఈ రెండు కథలనూ ఎదురుగా పెట్టుకొని కూర్చోవాలి. ఒక్క కథే గుర్తుపెట్టుకున్నవాడు ఎప్పుడూ ఒకవైపే తప్పు చేస్తాడు.

తాళంచెవి చేతులు మారితే

ఆ మీట ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఒక పెద్ద ఉదాహరణ చాలు. 2020 జులై 15న ట్విట్టర్ అనే సంస్థలో పెద్ద కలకలం రేగింది. కొందరు కుర్రవాళ్ళు ఆ సంస్థ ఉద్యోగులకు ఫోను చేసి, తాము లోపలివాళ్ళమేనని నమ్మించి, సహాయ విభాగం వాడే తెరలోకి ప్రవేశించారు. ఖాతాదారుడికి సాయం చేయడానికి కట్టిన ఆ తెరతోనే 130 ఖాతాలకు గురిపెట్టారు. వాటిలో 45 ఖాతాల నుంచి సందేశాలు పంపారు. లోకమంతా ఎరిగిన నాయకుల పేరిట డబ్బు అడిగే మోసపు ప్రకటనలు వెలువడ్డాయి. కోట గోడలు గట్టివే, పడిపోయింది మాత్రం సేవకులు వచ్చిపోయే చిన్న తలుపు.

మన దేశంలోనూ అట్టిది జరిగింది. 2018లో ఉత్తరప్రదేశ్‌లో పలు జిల్లాల రేషను దుకాణాల్లో, కార్డుదారుల ఆధార్ సంఖ్యలను సరిచేసే వీలును దుర్వినియోగం చేసి, వేరేవాళ్ళ సంఖ్యలు ఎక్కించి, పేదల ధాన్యం కాజేశారన్న కుంభకోణం బయటపడింది. సరిచేసే వీలు ఎందుకు పెట్టారు? తప్పులు దిద్దడానికి. దాన్ని ఎందుకు వాడారు? బియ్యం తినడానికి.

కాబట్టి, "ఎవరు అడిగినా మీట నొక్కేయండి, పేదవాడు కదా" అనే మాట వినడానికి మెత్తగా ఉన్నా మంచి మాట కాదు. ఆ మెత్తదనాన్ని ముందుగా పసిగట్టేది పేదవాడు కాదు, దొంగ.

మన రాష్ట్రంలో చూసినది

మన రాష్ట్రంలో 2015 నుంచి రేషను దుకాణాల్లో ఈపాస్ యంత్రాలు వచ్చాయి. వేలిముద్ర పడితేనే సరుకు. ఎందరి వేళ్ళో పడలేదు. అప్పుడు ప్రభుత్వం ఒక ఏర్పాటు చేసింది. కార్డుదారుడి వేలిముద్ర పడనప్పుడు గ్రామ రెవెన్యూ అధికారి, అంటే మన వీఆర్ఓ, తన వేలిముద్ర వేసి 'ఇతడు మా ఊరివాడే' అని హామీ ఇస్తే సరుకు ఇవ్వవచ్చు. రెండు వేళ్ళ ముద్రలను కలిపి చూసే పద్ధతి, కంటిపాపను చూసే యంత్రాలు కూడా వచ్చాయి.

ఈ వీఆర్ఓ పద్ధతిలోని విలువను గమనించండి. యంత్రం తెలియదన్నచోట మనిషి తన పేరు, తన వేలు పెట్టి సాక్ష్యం చెబుతున్నాడు. ఎవరు సాక్ష్యం చెప్పారో లెక్కలో ఉంటుంది. తప్పు జరిగితే అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. అయితే దీనిలోని లోటు కూడా తెలిసిందే. ఆ అధికారి ఆ రోజు ఊళ్ళో ఉండాలి, వచ్చే తీరిక ఉండాలి, ఇతడిని ఎరిగి ఉండాలి, ఊరి తగాదాలకు అతీతంగా ఉండాలి. దయ చూపేవాడి చుట్టూ తిరగవలసి రావడం కూడా ఒక విధమైన శిక్షే.

ఇంకొక అనుభవం కూడా చెప్పుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 నుంచి 2012 వరకు ఎనిమిది జిల్లాల్లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించడాన్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. డబ్బు త్వరగా చేరిందని, మధ్యలో కాజేయడం తగ్గిందని, పథకానికి దూరమైనవారు పెరగలేదని వారు తేల్చారు. అక్కడ కార్డు లేనివారికి కూడా చెల్లించే దారి తెరిచే ఉంది. అదే ఆర్థికవేత్తలు తరువాత జార్ఖండ్‌లో రేషనుకు ఆధార్ తప్పనిసరి చేసిన విధానాన్ని పరిశీలించారు. యంత్రం ఒక్కటే దొంగతనాన్ని తగ్గించలేకపోయింది. అంతకుముందు ఆధార్ కలపని కుటుంబాలకు అందే సరుకు విలువ మాత్రం సగటున 10 శాతం తగ్గింది. రెండుచోట్లా గుర్తించేది శరీరమే. తలుపు మూసుకున్నాక ఇంకొక దారి ఉన్నదా లేదా అన్నది ఫలితాన్ని ఎంతగా మార్చగలదో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

చట్టం కూడా దీన్ని మరచిపోలేదు. 2016 నాటి ఆధార్ చట్టం ఏడో సెక్షనులో, ఆధార్ సంఖ్య ఇంకా రానివారికి వేరే గుర్తింపు ద్వారా ప్రయోజనం ఇవ్వాలని ఉంది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, ధ్రువీకరణ విఫలమైనంత మాత్రాన అర్హుడిని వెనక్కి పంపరాదన్న మాట అందులో వచ్చింది. చట్టంలో తలుపు ఉంది. అది తెరలో కూడా ఉన్నదా అన్నదే అసలు సంగతి. తెరను తయారుచేసినవాడు ఆ మీటను పెట్టకపోతే, దుకాణం దగ్గర ఆ తీర్పు లేనట్టే.

సీసపు కొలబద్ద

'నియమం నియమమే, ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతారు' అనేవారున్నారు. వారి మాటలో కొంత నిజముంది. కాని నియమాన్ని గురించి వెనుకటి పెద్దలు ఇంకొక మాట చెప్పారు. అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథం ఐదో భాగంలో లెస్బోసు దీవి మేస్త్రీల సంగతి ప్రస్తావించాడు. వాళ్ళు ఇనుప కొలబద్దకు బదులు సీసంతో చేసిన కొలబద్ద వాడేవారట. అది రాతి ఒంపును బట్టి వంగి సరిగ్గా కొలిచేది. నాపరాయి పేర్చే మన పల్నాటి మేస్త్రీకి ఈ పోలిక వెంటనే బోధపడుతుంది. బద్ద వంగినంత మాత్రాన కొలత అబద్ధం కాదు. వంగకపోతేనే ఆ రాయి కొలత తప్పవచ్చు.

పునీత తోమాసు అక్వినాసు ఈ ఆలోచననే ముందుకు తీసుకువెళ్ళాడు. శాసనకర్త సాధారణంగా జరిగేదాన్ని దృష్టిలో పెట్టుకొని శాసనం చేస్తాడు, ప్రతి ఒక్క సందర్భాన్నీ ముందే ఊహించలేడు. ఒకరు దాచుకొమ్మని ఇచ్చిన వస్తువును అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలన్నది న్యాయం. అయితే కత్తి దాచమన్నవాడు మతి చెడి వచ్చి ఆ కత్తి అడిగితే ఇవ్వవచ్చునా? అట్టిచోట అక్షరాన్ని పక్కన పెట్టి శాసనకర్త ఉద్దేశాన్ని పాటించడమే మంచిదని ఆయన చెప్పాడు. ముఖ్యమైన సంగతి ఏమంటే, ఈ గుణాన్ని ఆయన న్యాయంలో ఒక భాగంగా లెక్కించాడు. నియమం తప్పిపోయినచోట దాన్ని సరిచేయడం జాలిపడి వేసే భిక్ష కాదు, ఆ మనిషికి రావలసిన బాకీ.

ఈ తేడా మాటల్లోనే కనబడుతుంది. భిక్ష అయితే, "ఈసారికి పోనీ, మళ్ళీ రాకు" అంటాము. బాకీ అయితే, "మా యంత్రం మిమ్మల్ని గుర్తుపట్టలేదు, క్షమించండి, ఇలా రండి" అంటాము. ఒకే మీట నొక్కుతూ ఈ రెండు మాటల్లో ఏదైనా అనవచ్చు. కాని రెండింటి తరువాత ఇంటికి వెళ్ళే ముసలమ్మ ఒకే మనస్సుతో వెళ్ళదు.

కట్టేవారు గుర్తుంచుకోవలసినవి

ఇక ఆ తెరను కట్టే మన పిల్లలకు నాలుగు మాటలు.

మొదటిది. తిరిగి అవకాశం ఇవ్వడం వేరు, 'ఇతడే ఆ మనిషి' అని ఒప్పుకోవడం వేరు. రీసెట్ మీట మొదటిది మాత్రమే చేయాలి. ఇంకో మూడుసార్లు ప్రయత్నించడానికి దారి ఇవ్వాలి. పరీక్ష లేకుండా లోపలికి పంపే మీటగా దాన్ని మార్చరాదు. చిన్న చెవితో చిన్న తలుపే తెరవాలి.

రెండోది. లెక్కించేటప్పుడే న్యాయం చూడాలి. నెట్‌వర్కు పోయినందువల్ల, యంత్రం చెడినందువల్ల జరిగిన వైఫల్యాన్ని మనిషి ఖాతాలో రాయవద్దు. ఉద్యోగి తప్పుగా టైపు చేస్తే అది పౌరుడు వాడుకున్న అవకాశంగా లెక్కకు రాకూడదు. ఇది మొదట్లో సరిగా చేస్తే రీసెట్ అవసరమే సగం తగ్గుతుంది.

మూడోది. మీట నొక్కినవారి పేరు, సమయం, కారణం నిలిచిపోవాలి. పెద్ద మార్పు అయితే ఇద్దరు ఒప్పుకోవాలి. మార్పు జరిగిందని అసలు యజమానికి తెలియజేయాలి. మన విచారణల్లో జ్ఞానస్నానపు పుస్తకాన్ని ఎలా దిద్దుతారో గుర్తుచేసుకోండి. పాత వరుసను చెరిపివేయరు. అంచున ఒక గమనిక రాస్తారు. తరువాత చదివేవాడికి తప్పూ కనబడుతుంది, దిద్దుబాటూ కనబడుతుంది. కంప్యూటరు లేని కాలంలో నేర్చుకున్న ఈ పద్ధతిలో మంచి తెలివి ఉంది. దిద్దుబాటును దాచిపెట్టే చోటనే దొంగకు చోటు దొరుకుతుంది.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది. ఒకే మీటను ఒకే కారణంతో వందసార్లు నొక్కుతున్నామంటే, తప్పు ఆ వందమందిది కాదు, నియమానిది. సంఖ్యాకాండం తొమ్మిదో అధ్యాయంలో కొందరు మోషే దగ్గరకు వచ్చారు. శవాన్ని తాకి మైలపడినందువల్ల పాస్క పండుగ చేసుకోలేకపోయామని, తమను ఎందుకు దూరంగా ఉంచాలని అడిగారు. మోషే వాళ్ళను కసరలేదు, చాటుగా సర్దుబాటు కూడా చేయలేదు. ఆగండి, దేవుని అడిగి చెబుతానన్నాడు. జవాబుగా వచ్చినది కొత్త నియమం: అట్టివారు, దూర ప్రయాణంలో ఉన్నవారు రెండో నెల పద్నాలుగో రోజున పండుగ చేసుకోవచ్చు. ఏ ఆటంకమూ లేకుండా నిర్లక్ష్యం చేసినవాడికి మాత్రం ఆ వీలు లేదు. ఆ కొద్దిమంది అడిగిన ప్రశ్న తరువాతివారందరికీ హక్కు అయింది. రీసెట్ల లెక్కను నెలకొకసారి తీసి, ఏ పనిచేసేవారికి, ఏ వయసువారికి, ఏ ఊళ్ళో ఎక్కువ జరుగుతున్నాయో చూసేవాడు మోషే చేసిన పని చేస్తున్నాడు. సున్నపు బట్టీల ఊళ్ళో వేలిముద్రలు పడడం లేదని ఆ లెక్క చెబితే, అక్కడికి కంటిపాప యంత్రమో ముఖం చూసే పద్ధతో పంపాలి. వృద్ధుల జీవన ప్రమాణ పత్రానికి ముఖం ద్వారా ధ్రువీకరణను 2021 నవంబరులో కేంద్రం ప్రవేశపెట్టింది. నియమం మారగలదనడానికి అది ఒక నిదర్శనం.

మీట నొక్కేలోగా గడిచే కాలాన్ని కూడా మరచిపోకూడదు. దరఖాస్తు విచారణకు పదిహేను రోజులు పట్టవచ్చు, ఆకలి పదిహేను రోజులు ఆగదు. అనుమానం తీరేలోపు ఆ నెల బియ్యం ఇచ్చివేసి, లెక్క తరువాత చూసుకోవడం మంచిది. తప్పుగా ఇచ్చిన ఐదు కిలోలను తిరిగి రాబట్టవచ్చు, పస్తున్న రోజులను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. మాచర్ల చెన్నకేశవుని చెంత బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని పల్నాడు ఈనాటికీ చెప్పుకుంటుంది. ఒకే చాపమీద కూర్చున్నవారిని ముందు కులమడిగి తరువాత వడ్డించలేదన్నదే ఆ కథకున్న గౌరవం.

మన వంతు

ఇంట్లో మనం చేయవలసిన పనులు కూడా ఉన్నాయి. పెద్దవాళ్ళ కాగితాలన్నీ ఒకసారి పక్కపక్కన పెట్టి, పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. మార్పించేటప్పుడు తొందరపడవద్దు. ఉన్న అవకాశాలు లెక్కపెట్టినవే గనుక, రసీదు మీది వివరాలను చదువుకొన్న పిల్లలచేత చదివించుకొని ఆ తరువాతే సరేననండి. పరిమితి అయిపోయిందని కౌంటరులో చెబితే అదే ఆఖరు మాట అనుకోవద్దు. అట్టి ప్రత్యేక సందర్భాలను ఆధార్ ప్రాంతీయ కార్యాలయం పరిశీలించే పద్ధతి ఉంది. 1947 నంబరుకు ఫోను చేసి ఏ కాగితాలు కావాలో అడగవచ్చు. మీ ఫోనుకు వచ్చిన ఓటీపీని, రీసెట్ చేస్తామని ఫోను చేసినవారెవరికీ చెప్పవద్దు. నిజమైన సహాయ కేంద్రం ఉద్యోగికి దానితో పని లేదు. వేలిముద్ర దుర్వినియోగమవుతుందన్న భయముంటే, వాడనప్పుడు దాన్ని ఆధార్‌లోనే తాళం వేసి ఉంచుకోవచ్చు.

మన విచారణల్లో చదువుకొన్న యువతీయువకులున్నారు. నెలకొక ఆదివారం పూజ తరువాత ఒక గంటసేపు కూర్చుంటే, ఎందరో పెద్దల కాగితాలు చూసిపెట్టవచ్చు. వేలు పడక వెనక్కి వచ్చిన ఒంటరి అవ్వతో మరుసటి రోజు సచివాలయానికి తోడు వెళ్ళవచ్చు. ఎవరి వేలు పడలేదు, ఎన్నిసార్లు, ఏ రోజున అన్నది ఒక నోటుపుస్తకంలో రాసి పెడితే, సోమవారం నాడు కలెక్టరు గారి అర్జీల వేదికలో మాట్లాడడానికి ఆధారం ఉంటుంది. ఒక్క అవ్వ మాట ఫిర్యాదుగా మిగిలిపోవచ్చు. తేదీలతో ఉన్న నలభైమంది మాట, నియమాన్ని మార్చమని అడిగే అర్జీ అవుతుంది.

యంత్రానికి సిగ్గు లేదు, జాలి లేదు, పక్షపాతమూ లేదు. దానికి చేతనైనది సరిపోల్చడం ఒక్కటే. సరిపోలలేదని అది చెప్పినప్పుడు దాని పని పూర్తయింది, మన పని అక్కడ మొదలవుతుంది. ఆ తలుపు దగ్గర నిలబడిన మనిషిని చూసి, "మీరెవరో చెప్పండి, నేను వింటాను, విన్నానని నా పేరు రాస్తాను" అనగలిగిన మనిషి ఒకరు ఉండాలి. అట్టి మనిషికి చోటు ఉంచకుండా కట్టిన తెర ఎంత వేగంగా పనిచేసినా అసంపూర్ణమే. అట్టి మనిషిని లెక్క అడిగే వీలు లేకుండా కట్టిన తెర కూడా అసంపూర్ణమే. మీలో ఎవరైనా ఈరోజు ఆ తెర ముందు కూర్చొని ఉంటే, మీట నొక్కే ముందు ఒకసారి, నొక్కకుండా పంపివేసే ముందు రెండుసార్లు ఆలోచించండి.